నెలకు 3,000 ఉద్యోగం: చింతలనార్‌ను హెచ్‌ఆర్ ఆడిట్‌లా చదివితే

డోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే దారిలో వస్తుంది చింతలనార్. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడక ముందు దంతెవాడ కింద ఉండేది. పేరులోని 'చింత' తెలుగు చెవికి వెంటనే తెలుస్తుంది, 'నార్' అంటే గోండి, కోయ మాటల్లో ఊరు. సరిహద్దుకు ఇవతల భద్రాచలం, చర్ల, చింతూరు వైపు ఉన్నవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. మిగతా దేశానికి మాత్రం ఇది 2010 ఏప్రిల్ 6న తెలిసింది. ఆ రోజు తెల్లవారుజామున తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టులు చేసిన దాడిలో చింతలనార్ క్యాంపు నుంచి గస్తీకి వెళ్లిన బలగాల్లో 76 మంది చనిపోయారు. వారిలో 75 మంది సీఆర్పీఎఫ్ వాళ్లు, ఒకరు రాష్ట్ర పోలీసు.

దాదాపు 15 నెలలకు, 2011 జులై 5న, సుప్రీంకోర్టు మరో తీర్పులో ఇదే ప్రాంతం గురించి రాసింది. అది స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల, అంటే ఎస్పీవోల నియామకాల మీద తీర్పు. దాన్ని మానవ హక్కుల తీర్పుగానే అందరూ గుర్తుంచుకున్నారు. అందులో తప్పు లేదు. అయితే దాన్ని ఇంకోలా కూడా చదవొచ్చు. ఒక ఉద్యోగానికి మనుషుల్ని ఎలా తీసుకున్నారు, ఏం నేర్పారు, ఎంత ఇచ్చారు, ఎలా పంపించారు అనే ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడుగుతూ పోయే పత్రం అది. హెచ్‌ఆర్ కన్సల్టింగ్ సంస్థల్లో పనిచేసేవాళ్లు రోజూ చేసే పని కూడా ఇదే.

కన్సల్టెంట్ ఏం చేస్తాడు?

మానవ వనరులు, సంస్థాగత వ్యవహారాల మీద సలహాలిచ్చే కంపెనీ అంటే చాలామందికి ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీ అనే అభిప్రాయం ఉంది. మనుషుల్ని వెతికిపెట్టడం అందులో ఒక భాగమే. మిగతాదంతా సంస్థ లోపలి లెక్క. ఈ కుర్చీలో కూర్చున్న మనిషి నిజంగా చేస్తున్న పని ఏమిటి? ఆ పనికి ఏం తెలిసి ఉండాలి? ఎంత బాధ్యత ఉంది, దానికి తగ్గ జీతం ఉందా? తప్పు జరిగితే ఎవరు అడుగుతారు? కొత్తగా చేరిన కన్సల్టెంట్ మొదటి కొన్ని నెలలు ఉద్యోగుల పక్కన కూర్చుని, వాళ్లు చేసే పనులు రాసుకుని, కాగితం మీదున్న ఉద్యోగ వివరణతో పోల్చడంలోనే గడుపుతాడు. కాగితానికీ పనికీ మధ్య ఉన్న తేడాయే నివేదికలో సగం.

ఈ వృత్తిలో తెలుగు ఛాయలు అనుకున్నదానికంటే ఎక్కువే. దేశంలో ప్రత్యేకంగా హెచ్‌ఆర్‌డీ విభాగం అన్నదాన్ని మొదట రూపొందించింది 1974-75 ప్రాంతంలో ఎల్ అండ్ టి కోసం. ఆ పని చేసిన ఇద్దరిలో ఒకరు ఉదయ్ పారీక్, రెండోవారు తెలుగువాడైన ప్రొఫెసర్ టి.వి. రావు. ఐఐఎం అహ్మదాబాద్‌లో పాఠాలు చెప్పిన రావు తర్వాత సొంత కన్సల్టింగ్ సంస్థ పెట్టారు. హెచ్‌ఆర్‌డీ ఆడిట్ అనే పద్ధతి మీద 1999లో పుస్తకం తెచ్చారు. డబ్బు లెక్కలకు ఆడిట్ ఉన్నట్టే మనుషుల లెక్కలకూ ఉండాలన్నది దాని వెనక ఆలోచన.

ఇంకాస్త వెనక్కి వెళ్తే కాకినాడ ఉంది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకు రప్పించి పది రోజుల శిక్షణ ఇప్పించారు. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారుల్ని పెట్టుకున్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది వ్యాపారంలో చురుగ్గా కొత్త అడుగులు వేస్తే, మిగతావాళ్లలో పావు వంతు మందే ఆ పని చేశారని ఆయన బృందం రాసింది. అదే మెక్లెలాండ్ పెట్టిన మెక్‌బర్ అనే కన్సల్టింగ్ కంపెనీ తర్వాత హే గ్రూప్‌లో కలిసింది. హే గ్రూప్‌ను 2015లో కార్న్ ఫెర్రీ కొనుక్కుంది. ఇప్పుడు గచ్చిబౌలి ఆఫీసుల్లో వినిపించే 'కాంపిటెన్సీ' అనే మాట వెనక మెక్లెలాండ్ 1973లో రాసిన వ్యాసం ఉంది. చదువు మార్కులు చూసి ఉద్యోగం ఇవ్వొద్దు, ఆ పని బాగా చేసేవాడికి ఉండే సామర్థ్యాలేవో కనుక్కుని వాటిని పరీక్షించండి అన్నది ఆయన వాదన.

ఈ ప్రశ్నల్నే ఇప్పుడు చింతలనార్ దారిలో అడగాలి.

కాగితం మీద గైడ్, అడవిలో సిపాయి

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మొదలైన సల్వా జుడుం ఆ తర్వాత దక్షిణ బస్తర్ అంతటా పాకింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. డోర్నపాల్, ఎర్రబోర్, కోంటాల్లో శిబిరాలు వెలిశాయి. వేల మంది సరిహద్దు దాటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం అడవుల్లోకి వచ్చేశారు. మనం గుత్తికోయలు అని పిలుస్తున్నది వాళ్లనే. శిబిరాల్లో ఉన్న యువకుల్లోంచి ప్రభుత్వం ఎస్పీవోలను తీసుకోవడం మొదలుపెట్టింది. 2007 నాటి ఛత్తీస్‌గఢ్ పోలీసు చట్టం 9వ సెక్షన్ దీనికి ఆధారం. 2011 నాటికి వాళ్ల సంఖ్య 6,500కు చేరింది.

ఈ నియామకాలను సవాలు చేస్తూ 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ముగ్గురు సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఉన్నారు.

ఉద్యోగ వివరణ దగ్గరే తేడా కనిపిస్తుంది. ఎస్పీవోలు దారి చూపేవాళ్లు, మావోయిస్టులను గుర్తుపట్టేవాళ్లు, భాష తెలిసిన దుబాసీలు, సమాచారం తెచ్చేవాళ్లు అని ప్రభుత్వం చెప్పింది. తుపాకులు ఆత్మరక్షణకే అంది. ఈ వాదనలో బలం లేకపోలేదు. పంజాబ్ నుంచో కేరళ నుంచో వచ్చిన జవానుకు చింతలనార్ అడవిలో ఏ బాట ఎటు పోతుందో తెలియదు, గోండి, దోర్లా మాటలు అర్థం కావు. స్థానికుడు లేకుండా అక్కడ ఏ బలగమూ గుడ్డిదే. కానీ గైడ్‌గా తీసుకున్న మనిషి చివరికి చేసిన పని ఏమిటి? బలగాల ముందు నడవడం, కాల్పుల్లో పాల్గొనడం, ఊళ్లలో సోదాలు చేయడం. వాళ్లను కోయ కమాండోలు అన్నారు కూడా. గైడ్‌ను ఎవరూ కమాండో అని పిలవరు.

ఇక అర్హత. ఐదో తరగతి పాసైన వాళ్లకు ప్రాధాన్యం అని నిబంధన. అంటే ఐదో తరగతి తప్పనిసరి కూడా కాదు. మెక్లెలాండ్ చెప్పింది కూడా చదువును పక్కన పెట్టమనే కదా అని ఎవరైనా అనొచ్చు. ఆయన చదువు బదులు ఇంకో పరీక్ష పెట్టమన్నారు. నిగ్రహం ఉందా, ఎదుటి మనిషి తప్పు చేశాడా లేదా తేల్చుకునే ఓపిక ఉందా, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుందా అని చూడాలి. ఇక్కడ జరిగింది దాదాపు తలకిందులు. చాలామంది మావోయిస్టుల హింసకు బాధితులని, అందుకే ముందుకొచ్చారని ప్రభుత్వం ఒక సుగుణంగా చెప్పుకుంది. అన్న చనిపోయిన పగతో ఉన్న కుర్రాడి చేతికి తుపాకీ ఇస్తే ఏమవుతుందని కోర్టు అడిగింది.

వయసు మాట కూడా ఉంది. పద్దెనిమిది నిండినవాళ్లనే తీసుకున్నామని ప్రభుత్వం అంది. ఛత్తీస్‌గఢ్ పోరులో మావోయిస్టులు, సల్వా జుడుం, పోలీసులు అందరూ పిల్లల్ని వాడుకున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో నివేదిక ఇచ్చింది. పుట్టిన తేదీ కాగితమే లేని ఊళ్లలో వయసును ఎవరు తేలుస్తారు?

57 గంటలు

తీర్పులో అన్నిటికంటే వివరంగా ఉన్నది శిక్షణ గురించే. మొత్తం వ్యవధి రెండు నెలలు. ఆయుధాల వాడకం, డ్రిల్, ప్రథమ చికిత్స, యోగా అందులో ఉన్నాయి. తరగతి గదిలో చెప్పాల్సిన వాటికి గంటల లెక్క ఇచ్చారు. చట్టానికి 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగ నిబంధనలకు 12. ఫోరెన్సిక్, శాస్త్రీయ పద్ధతులకు 6. ప్రజలతో పోలీసింగ్‌కు 6. బస్తర్ సంస్కృతి, ఆచారాలకు 9. పీరియడ్ అంటే గంట. అన్నీ కలిపితే 57 గంటలు.

ఆ 24 గంటల్లోనే భారత శిక్షా స్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం, ఇతర చిన్న చట్టాలు అన్నీ ఉన్నాయి. లా కాలేజీలో ఇవి సెమిస్టర్ల తరబడి చెప్పే పేపర్లు. ఐదో తరగతి దాటని కుర్రాడికి, తన ఇంటి భాష కాని భాషలో, ఒక్కో చట్టానికి వచ్చేది మహా అయితే ఏడెనిమిది గంటలు. ఏ నేరానికి ఎవరిని ఎప్పుడు అరెస్టు చేయొచ్చో, ఆత్మరక్షణ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అందులో తెలిసిపోవాలి. తెలియకపోతే? కోర్టు ఈ ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగింది. చట్టం హద్దు తెలియని మనిషి చేతిలో ఆయుధం ఎదుటివాడికీ ప్రమాదమే, అతనికీ ప్రమాదమే. తప్పు చేస్తే అతని మీదే కేసు పెడతారు, చట్టం తెలియదనే సాకు చెల్లదు.

చిత్రమేమిటంటే బస్తర్‌లో పుట్టి పెరిగిన వాళ్లకు బస్తర్ సంస్కృతి మీద 9 గంటలు కేటాయించారు. ఎక్కడో తయారైన సిలబస్‌ను ఎవరి కోసమో చూసుకోకుండా దించినప్పుడు ఇలాగే ఉంటుంది. కార్పొరేట్ శిక్షణల్లోనూ ఇది మామూలే, అక్కడ నష్టం ఒక మధ్యాహ్నం నిద్రతో పోతుంది.

జీతం కాదు, గౌరవ వేతనం

నెలకు 3,000 రూపాయలు. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. అందులో 80 శాతం కేంద్రం రాష్ట్రానికి తిరిగి చెల్లించేది. నియామకం తాత్కాలికం. పొడిగింపు పైవాళ్ల ఇష్టం. ఎస్పీ అనుకుంటే కారణం చెప్పకుండా తీసేయొచ్చు.

ఉద్యోగం విలువ కట్టడానికి హే పద్ధతిలో మూడు కొలతలుంటాయి. ఎంత తెలిసి ఉండాలి, ఎంత కష్టమైన సమస్యలు తేల్చాలి, ఎంత జవాబుదారీ ఉంది అన్నవే అవి. వాటికి పని పరిస్థితుల్లోని ప్రమాదాన్ని కూడా కలుపుతారు. ఎస్పీవో విషయంలో ఆ ప్రమాదం ఎంతో ప్రభుత్వ అఫిడవిట్‌లోనే ఉంది. 173 మంది ఎస్పీవోలు విధుల్లో చనిపోయారు, 117 మంది గాయపడ్డారు. రెగ్యులర్ బలగాలతో పోలిస్తే వీళ్లలో మరణాల రేటు ఎక్కువగా ఉందని కోర్టు లెక్క వేసి మరీ చూపింది. తక్కువ శిక్షణ, తక్కువ డబ్బు, ఎక్కువ చావు. ఇదే నిష్పత్తి ఏ బొగ్గు గనిలోనో బాణసంచా ఫ్యాక్టరీలోనో కనిపిస్తే యజమాని మీద కేసు అయ్యేది.

తప్పు జరిగితే ఎవరు అడుగుతారు

2011 మార్చిలో చింతలనార్ చుట్టుపక్కల మూడు ఊళ్లు కాలిపోయాయి. 11న మోర్‌పల్లి, 13న తిమాపురం, 16న తాడ్‌మెట్ల. వందల ఇళ్లు బూడిదయ్యాయి. హత్యలు, అత్యాచారాలు జరిగాయని ఆరోపణలు వచ్చాయి. సాయం పట్టుకెళ్తున్న స్వామి అగ్నివేశ్ బృందం మీద అదే నెల 26న డోర్నపాల్‌లో దాడి జరిగింది. జులై తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ ఘటనల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 2016 అక్టోబర్‌లో సీబీఐ ఎస్పీవోలను నిందితులుగా చూపింది.

ఆ వెంటనే జరిగింది ఏ హెచ్‌ఆర్ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. 2016 అక్టోబర్ 24న బస్తర్‌లో పలుచోట్ల సహాయక పోలీసులు యూనిఫాంలోనే రోడ్డెక్కి నందినీ సుందర్ సహా కొందరు ఉద్యమకారుల, పాత్రికేయుల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. క్రమశిక్షణ చర్యల వ్యవస్థ అంటూ ఒకటి ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆ ఫొటోలు సరిపోతాయి.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న 2010లో కూడా వచ్చింది. 76 మంది మరణంపై మాజీ బీఎస్ఎఫ్ డైరెక్టర్ జనరల్ ఇ.ఎన్. రామ్‌మోహన్‌తో కేంద్రం విచారణ చేయించింది. నాయకత్వ లోపం, నిర్దేశిత పద్ధతులు పాటించకపోవడం, సమన్వయం లేకపోవడం అందులో తేలినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. సంస్థను బయటివాడు వచ్చి పరీక్షించడం అంటే ఇదే. తేడా ఏమిటంటే ఆ పరీక్ష చేసింది రెగ్యులర్ ఉద్యోగులు చనిపోయినప్పుడు. ఎస్పీవోల గురించి అలాంటి విచారణ ఏ ప్రభుత్వమూ తనంతట తాను అడగలేదు. కోర్టుకు వెళ్లి అడిగించాల్సి వచ్చింది.

కన్సల్టింగ్ వృత్తికున్న పరిమితి కూడా ఇక్కడే బయటపడుతుంది. ఫీజు ఇచ్చేది యాజమాన్యం. ఉద్యోగం ఎలా మెరుగవ్వాలో కన్సల్టెంట్ చెప్తాడు, అసలు ఈ ఉద్యోగం ఉండొచ్చా అని సాధారణంగా అడగడు. సుప్రీంకోర్టు అడిగింది. ఈ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చింది. మావోయిస్టు వ్యతిరేక పనుల్లో ఎస్పీవోలను వాడటం వెంటనే ఆపాలని, ఇచ్చిన తుపాకులు వెనక్కి తీసుకోవాలని, కేంద్రం నిధులు ఇవ్వొద్దని చెప్పింది. ప్రకృతి విపత్తుల్లో సహాయం వంటి పనులకు మాత్రం వాడుకోవచ్చంది.

తీర్పు మరవని ఇంకో సంగతి ఉంది, ఉద్యోగం పోయాక ఆ మనిషి గతి. సొంత ఊళ్లో అతను పోలీసు ఇన్ఫార్మర్. మావోయిస్టుల జాబితాలో పేరు ఉంటుంది. అతను ఎవరి ఇంట్లో సోదా చేశాడో వాళ్లే పక్కింటివాళ్లు. అందుకే వాళ్ల ప్రాణాలకు రక్షణ కల్పించాలని కూడా కోర్టు ఆదేశించింది.

పేరు మారింది, మరి పని?

రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. 2011లోనే సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో మొదట ఆర్డినెన్స్, తర్వాత చట్టం తెచ్చి ఎస్పీవోలను సహాయక కానిస్టేబుళ్లుగా మార్చింది. జీతం పెంచింది. ఇది కోర్టు ధిక్కారమే అంటూ పిటిషనర్లు మళ్లీ వెళ్లారు. ఆ వ్యవహారం 2025 మే వరకు సాగింది. శాసనసభ చట్టం చేయడాన్ని ధిక్కారంగా చూడలేమంటూ సుప్రీంకోర్టు దాన్ని ముగించింది. కొద్ది నెలలకే జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి కావడంతో పాత తీర్పు ఎన్నికల విమర్శగా మారింది. ఆ రభసలో 57 గంటల శిక్షణ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఈలోగా స్థానిక నియామకాలు వేరే రూపాల్లో పెరిగాయి. స్థానిక యువకులతో, లొంగిపోయిన మావోయిస్టులతో డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్, అంటే డీఆర్‌జీ వచ్చింది. సుక్మాలో 2014లో మొదలైంది. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావును చంపిన ఆపరేషన్ డీఆర్‌జీదే. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మందుపాతర పేలి పది మంది డీఆర్‌జీ జవాన్లు, వాహనం డ్రైవరు చనిపోయారు. ఆ పది మందిలో కొందరు ఒకప్పటి మావోయిస్టులు. స్థానికుడి విలువ ఎంతో, అతను చెల్లించే ధర ఎంతో ఈ రెండు తేదీలూ కలిసి చెప్తాయి.

నియామక పద్ధతి మెరుగుపడిన చోటు కూడా ఒకటి ఉంది. సీఆర్పీఎఫ్ 241వ బెటాలియన్‌ను బస్తరియా బెటాలియన్ అంటారు. స్థానిక గిరిజన యువతతో, మూడో వంతు మహిళలతో దీన్ని ఏర్పాటు చేశారు. 2022 జూన్‌లో బీజాపూర్, దంతెవాడ, సుక్మా జిల్లాల నుంచి 400 మంది కానిస్టేబుళ్లను తీసుకోవడానికి కేంద్ర మంత్రివర్గం చదువు అర్హతను పదో తరగతి నుంచి ఎనిమిదికి తగ్గించింది. తగ్గించి ఊరుకోలేదు. చేరినవాళ్లు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పూర్తి చేసేలా సీఆర్పీఎఫ్ చదివించాలని, పుస్తకాలు ఇవ్వాలని, అవసరమైతే ప్రొబేషన్ పొడిగించాలని కూడా చెప్పింది. ఇది రెగ్యులర్ ఉద్యోగం, పింఛను నిబంధనలు వర్తిస్తాయి, సెలవు ఉంటుంది, చనిపోతే ఇంటికి రావాల్సింది నిబంధనల ప్రకారం వస్తుంది. అర్హత తగ్గించడం రెండు చోట్లా జరిగింది. ఒక చోట తగ్గించిన మెట్టుకు బదులు ఇంకో మెట్టు కట్టారు.

పాత ఎస్పీవోల సంగతి మాత్రం చాలాకాలం నానుతూనే ఉంది. సహాయక కానిస్టేబుల్ అయ్యాక కూడా పదోన్నతి లేదు, రెగ్యులర్ కానిస్టేబుల్ చేసే పనికి అంత జీతం లేదు. యూనిఫాంలో ఉన్నవాళ్లు ధర్నా చేయకూడదు కాబట్టి 2021 డిసెంబర్‌లో వాళ్ల కుటుంబాలు బస్తర్ నుంచి రాయ్‌పూర్‌కు వెళ్లి ఆందోళనకు దిగాయి. అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. సమాన జీతం, పదోన్నతి ఇవ్వమని అడిగారు. పోలీసులు వాళ్లను అడ్డుకున్నారు. తర్వాతి మార్చి బడ్జెట్‌లో సహాయక కానిస్టేబుళ్ల కోసం డిస్ట్రిక్ట్ స్ట్రైక్ ఫోర్స్ పేరుతో కొత్త కేడర్ ఏర్పాటు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.